ఇంటి దగ్గర పెద్ద కందిరీగలు గూడు కడితే ఏం చేయాలి: ప్రమాదాన్ని అంచనా వేసే విధానం

అమెరికాను వణికించిన కందిరీగ తిరుపతికి వచ్చేసిందంటూ వాట్సాప్‌లో వీడియోలు తిరిగినప్పుడల్లా ఒకే ప్రశ్న వస్తోంది. మిద్దె మీది నీళ్ళ ట్యాంకు కింద గానీ మామిడితోటలో గానీ బుట్టంత గూడు కనిపించింది, దాన్ని తగలబెట్టాలా, వదిలేయాలా అని అడుగుతున్నారు. విడివిడిగా సమాధానం చెప్పే బదులు మొత్తం విధానాన్ని ఒకచోట రాస్తున్నాను.

ముందు ఆ వీడియోల సంగతి. అందులో కనిపించేది వెస్పా మాండరీనియా అనే ఆసియా జాతి. అది 2019లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలోనూ పక్కనున్న కెనడా ప్రాంతంలోనూ బయటపడింది. అక్కడ దాన్ని పూర్తిగా నిర్మూలించినట్లు 2024 డిసెంబరులో ప్రకటించారు. యూరప్ తేనె రైతులను నేటికీ వేధిస్తున్నది వేరొక జాతి, వెస్పా వెలుటినా. అది 2004 ప్రాంతంలో ఫ్రాన్సుకు చేరి పక్క దేశాలకు పాకింది. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో మన కంటబడేవి ఈ రెండూ కావు. వెస్పా ఓరియంటాలిస్, వెస్పా ట్రోపికా, వెస్పా ఆఫినిస్ అనే జాతులు ఇక్కడ మొదటినుంచీ ఉన్నాయి. విచిత్రమేమిటంటే, మనకు స్థానికమైన ఓరియంటాలిస్ చిలీలోనూ స్పెయిన్‌లోనూ, ట్రోపికా గువామ్ దీవిలోనూ దురాక్రమణ జాతులుగా, అంటే బయటినుంచి వచ్చి అక్కడి జీవులకు హాని చేసేవిగా లెక్కకెక్కాయి. ఇక్కడ మాత్రం ఇవి స్థానిక జాతులే కనుక, ప్రతి గూటినీ వెదికి నాశనం చేసే పరాయి దేశాల పద్ధతిని మనం అరువు తెచ్చుకోవలసిన పనిలేదు. ఇవి గొంగళి పురుగులను, ఈగలను, ఇతర కీటకాలను వేటాడి తింటాయి. మనం తేల్చుకోవలసిన విషయం ఒక్కటే: ఆ గూడు ఉన్న చోట దాని జోలికి ఎవరు, ఎంత తరచుగా వెళ్ళవలసి వస్తుంది?

కావలసినవి

- జూమ్ చేయగల ఫోను కెమెరా, లేదా బైనాక్యులర్లు
- సెకన్లు చూపించే గడియారం, రాసుకోవడానికి ఒక కాగితం
- దారిని మూసేందుకు తాడు, నాలుగు కర్రలు, దూరానికి కనిపించే రంగుగుడ్డ
- తల, మెడ కప్పుకునేందుకు మందపాటి దుప్పటి
- సబ్బు, నీళ్ళు, ఐసు
- ఇంట్లో అందరికీ తెలిసేలా గోడమీద రాసిన 108 నంబరు, దగ్గరి ఆసుపత్రికి వెళ్ళే దారి

కిరోసిన్, పెట్రోలు, దివిటీ, వెదురు గడ, దోమల స్ప్రే ఈ పనికి అక్కరలేదు. ఇవి చేతిలో ఉంటే వాడాలనిపిస్తుంది కాబట్టి దగ్గర ఉంచుకోకండి.

1. పురుగేదో గుర్తించండి

అడుగుతున్నవారు పంపే ఫోటోల్లో చాలావాటిలో ఉన్నది పెద్ద కందిరీగ కాదు. గూటి ఆకారాన్ని బట్టే సగం సంగతి తెలిసిపోతుంది.

ఎత్తయిన చెట్టుకొమ్మకో, నీళ్ళ ట్యాంకుకో, పెద్ద భవనం సజ్జాకో ఒకే పట్టు వేలాడుతూ, దానిమీద ఈగలు తెరలా కప్పుకుని ఉంటే అది పెద్ద తేనెటీగ పట్టు. దాని ప్రమాదం దానికి ఉంది, నిజానికి తక్కువేమీ కాదు, కాని ఈ వ్యాసంలోని తీసివేత పద్ధతులు దానికి వర్తించవు. కిటికీ సజ్జా కింద చిన్న కాడకు వేలాడుతూ, గదులు బయటికి కనిపించే అరచేతి వెడల్పు గూడు ఉంటే అది సన్న నడుము చిన్న కందిరీగలది. గోడమూలల్లో మట్టి ముద్దలా ఉండేది ఒంటరిగా బతికే కందిరీగ కట్టుకున్నది, చేత్తో పట్టుకుంటే తప్ప అది కుట్టదు.

పెద్ద కందిరీగల గూడు బూడిదరంగు, గోధుమరంగు చారలున్న కాగితపు బంతిలా ఉంటుంది. లోపలి గదులు కనిపించవు. రాకపోకలకు సాధారణంగా ఒకటే కన్నం ఉంటుంది. ఎండుకట్టెను నమిలి, లాలాజలంతో కలిపి ఈ కాగితాన్ని తయారుచేస్తాయి. చెట్టుమీద గుండ్రటి గూడు కట్టి, పొట్ట మొదటి భాగం నారింజ రంగులో, వెనక భాగం నల్లగా ఉంటే అది బహుశా ఆఫినిస్. ట్రోపికా కూడా చూడటానికి దగ్గరగానే ఉంటుంది, అయితే తొర్రలనూ బొరియలనూ ఎక్కువగా వెదుక్కుంటుంది. ఒళ్ళంతా ఎర్రమట్టి రంగులో ఉండి, ముఖం, పొట్ట వెనక భాగంలో పట్టీ పసుపుగా ఉంటే ఓరియంటాలిస్. ఇది గోడ సందుల్లో, నేలలోని బొరియల్లో గూడు పెడుతుంది కాబట్టి మీకు గూడు కనిపించదు, నేలలోకి వెళ్ళివస్తున్న పురుగులే కనిపిస్తాయి.

ఇక్కడ జరిగే పొరపాటు పరిమాణాన్ని చూసి జాతిని నిర్ణయించడం. రెండు మూడు సెంటీమీటర్ల పురుగు భయంలో ఐదు సెంటీమీటర్లుగా కనిపిస్తుంది. చచ్చిపడిన పురుగు దొరికితే రూపాయి నాణెం పక్కన పెట్టి ఫోటో తీయండి. చచ్చినదాన్ని కూడా చేత్తో పట్టుకోవద్దు, కొండి ఇంకా దిగగలదు.

2. దూరం నుంచి గూటిని పరిశీలించండి

ఉదయం పది, పన్నెండు గంటల మధ్య, గాలీ వానా లేని రోజున, గూటికి కనీసం పది మీటర్ల దూరంలో, అవి ఎగిరే దారికి పక్కగా నిలబడండి. కన్నానికి ఎదురుగా మాత్రం నిలబడకూడదు. ఎండవేళనే ఎంచుకోమనడానికి కారణం ఉంది. ఓరియంటాలిస్ ఎండ ఎక్కేకొద్దీ చురుకుగా తిరిగే జాతి. పొద్దున్నే ఆరింటికి చూసి గూడు ఖాళీగా ఉందనుకోవడం తరచుగా జరిగే తప్పు.

నాలుగు విషయాలు రాసుకోండి. గూడు నేలనుంచి ఎంత ఎత్తున ఉంది? కన్నం ఏ వైపుకు తిరిగి ఉంది? పురుగులు ఏ దారిన వచ్చిపోతున్నాయి? నిమిషానికి ఎన్ని లోపలికి వెళ్తున్నాయి, ఎన్ని బయటికి వస్తున్నాయి? రాకపోకలను ఐదు నిమిషాలు లెక్కబెట్టి సగటు తీయండి. నాలుగైదుకు మించకపోతే గూడు చిన్నదని, ఇరవై దాటితే బాగా ఎదిగిందని అనుకోవచ్చు. ఇది చేతి అంచనాయే కానీ శాస్త్రీయమైన కొలత కాదు. అయినా వారం తర్వాత మళ్ళీ లెక్కబెట్టినప్పుడు గూడు పెరుగుతోందా, తగ్గుతోందా అన్నది ఈ అంకెతోనే తెలుస్తుంది.

గూటిని ఒక రాణి ఒంటరిగా మొదలుపెడుతుంది. పనిచేసే కందిరీగలు పుట్టాక అది వేగంగా పెరుగుతుంది. నిమ్మకాయంత గూడు దగ్గర మీకు కనిపిస్తున్నది ఒకే ఒక పురుగైతే, అది రాణే అయి ఉంటుంది. మొత్తం వ్యవహారంలో పని తేలికగా ముగిసే దశ అదే.

3. ప్రమాదాన్ని అంచనా వేయండి

కింది ప్రశ్నలకు అవును, కాదు అని నిజాయితీగా సమాధానం రాయండి.

- గూటికి పది మీటర్ల లోపల రోజూ మనుషులు నడిచే దారి, బావి, మోటారు షెడ్డు, పశువుల పాక, బడి, గుడి ఉన్నాయా?
- గూడు మనిషి ఎత్తులో, లేదా నేలలో ఉందా?
- ఇంట్లో గానీ పనివాళ్ళలో గానీ, ఇంతకుముందు తేనెటీగో కందిరీగో కుట్టినప్పుడు ఒళ్ళంతా దద్దుర్లు లేచినవారు, ఊపిరాడనివారు, కళ్ళు తిరిగి పడినవారు ఉన్నారా?
- పరుగెత్తలేని పసిపిల్లలు, ముసలివారు ఆ చుట్టుపక్కల ఉంటారా? కట్టేసిన పశువులు ఉన్నాయా?
- రానున్న రెండు నెలల్లో అక్కడ చెట్టు కొట్టడం, గడ్డికోత యంత్రం నడపడం, ట్రాక్టరు దున్నడం, మామిడికాయ దించడం, గోడ పగలగొట్టడం లాంటి పనులు ఉన్నాయా?

మూడో ప్రశ్నకు అవునని వస్తే మిగతావాటితో నిమిత్తం లేకుండా ప్రమాదం ఎక్కువే. అది కాకుండా రెండు అవునులు వచ్చినా తీయించే ఆలోచన చేయాలి. ఒకటే వస్తే దారి మళ్ళించడంతో సరిపోవచ్చు. ఒక్కటీ రాకపోతే వదిలేయడమే మంచిది.

ఎత్తును బట్టి మోసపోయేవారు చాలామంది. ముప్పై అడుగుల ఎత్తున కొబ్బరిచెట్టు మీదున్న పెద్ద గూటి కంటే చెరకుతోట గట్టులో కంటికి కనపడని చిన్న కన్నం ఎక్కువ ప్రమాదకరం. మొదటిదాన్ని అందరూ చూసి తప్పుకుంటారు. రెండోదాని మీద తెలియక కాలు వేస్తారు, గడ్డికోత యంత్రం నడుపుతారు. పుట్టలది కూడా ఇదే సంగతి. నాగుల చవితి నాడు పాలు పోయడానికి వెళ్ళే పుట్ట దగ్గర ముందురోజు మధ్యాహ్నం దూరంగా నిలబడి పది నిమిషాలు చూడండి. కన్నంలోకి కందిరీగలు పోతూ వస్తూ ఉంటే ఆ ఏడాదికి వేరే పుట్టను చూసుకోవాలి.

4. వదిలేయాలనుకుంటే

వదిలేయడమంటే పట్టించుకోకపోవడం కాదు. గూటి చుట్టూ కనీసం పది మీటర్ల మేర తాడు కట్టి, రంగుగుడ్డ వేలాడదీసి, పనివాళ్ళకు, పాలవాడికి, పొలానికి వచ్చే కౌలుదారుకు నోటితో చెప్పండి. పిల్లలకు చెప్పేటప్పుడు రాళ్ళు వేయవద్దని విడిగా చెప్పాలి. చాలా ప్రమాదాలకు అదే మొదలు.

వాటిని మనుషుల మధ్యకు లాగేది తీపి, మాంసం. తోటలో రాలిన తోతాపురి కాయలను రోజూ ఏరి గోతిలో కప్పెట్టండి. మామిడి గుజ్జు ఫ్యాక్టరీ నుంచి పశువులకు తెచ్చిన తొక్కలను, టెంకలను కుప్పగా వదిలేయకండి. బెల్లం గానుగ దగ్గర పాకం చిందిన నేలను నీళ్ళతో కడగండి, మడ్డి డబ్బాలకు మూత పెట్టండి. చేపలు, కోడి శుభ్రం చేసిన వ్యర్థాలను వెంటనే పాతిపెట్టండి. వేసవిలో కారుతున్న కుళాయి దగ్గరికి నీళ్ళకోసం కూడా వస్తాయి, దాన్ని బాగుచేయించండి. రాత్రిపూట గూటి వైపు తెల్లటి బల్బు వెలగకుండా చూడండి, వెలుతురుకు అవి వస్తాయి. డబ్బా కూల్‌డ్రింకు తాగే అలవాటున్నవారు గ్లాసులో పోసుకుని తాగాలి. నోట్లో, గొంతులో కుట్టితే ఒక్క కాటుకే వాచి ఊపిరి ఆగే ప్రమాదం ఉంది.

5. తీయించాలనుకుంటే

ఇది మీరు చేసే పని కాదు. దీనికి మినహాయింపు ఒక్కటే: రాణి ఒక్కతే ఉన్న నిమ్మకాయంత గూడు. అది కూడా కుట్టితే ఒళ్ళు వికటించే స్వభావం లేనివారు మాత్రమే, రాణి బయటికి వెళ్ళిన వేళ, పొడవాటి కర్రతో దాన్ని రాల్చి, కట్టిన చోటును సబ్బునీళ్ళతో కడగవచ్చు. ఒకటికి రెండు పురుగులు కనిపించినా ఈ మినహాయింపు వర్తించదు.

మిగతా అన్ని సందర్భాల్లోనూ కందిరీగల గూళ్ళు తీసిన అనుభవమున్న పెస్ట్ కంట్రోల్ వారిని పిలవండి. దగ్గరి అగ్నిమాపక కేంద్రాన్ని 101 ద్వారా అడగడంలోనూ తప్పులేదు. గూడు అడవి భూమిలో ఉంటే అటవీ శాఖవారికి చెప్పాలి. అలిపిరి, శ్రీవారిమెట్టు నడకదారుల్లో కనిపిస్తే దేవస్థానం సిబ్బందికి చెప్పి, గొంతు తగ్గించి, ఆగకుండా ముందుకు సాగిపోండి.

వచ్చినవారిని పనికి ఒప్పుకునే ముందు ఈ సంగతులు అడగండి. కందిరీగలకు తగిన మందపాటి దుస్తులు ఉన్నాయా? మామూలు తేనెటీగల దుస్తుల గుడ్డలోంచి వీటి పొడవాటి కొండి దిగిపోగలదు. కళ్ళకు అద్దాలు, ముఖానికి దూరంగా నిలిచే జాలీ ఉన్నాయా? ఏ మందు వాడతారు, దాని ప్రభావం తేనె పెట్టెల మీద, బావినీళ్ళ మీద, పశువుల మేత మీద ఎలా ఉంటుంది? పనయ్యాక గూటిని తీసుకువెళ్తారా? నిప్పుతో చేస్తామన్నవారిని మర్యాదగా పంపించివేయండి.

పని సాధారణంగా చీకటి పడ్డాక, పురుగులన్నీ గూటికి చేరాక జరుగుతుంది. చీకట్లో అవి కుట్టవనే నమ్మకం తప్పు. టార్చి వెలుగు వెంబడే వస్తాయి. అందుకే అనుభవజ్ఞులు ఎర్రటి వెలుతురు వాడతారు, టార్చిని చేత్తో పట్టుకోక పక్కన పెడతారు. ఆ సమయంలో మీరు చేయవలసిందల్లా తలుపులూ కిటికీలూ మూసి, లైట్లు ఆర్పి, పశువులను ముందుగానే దూరంగా కట్టి, ఇంట్లో ఉండటం. చూడటానికి మిద్దె ఎక్కకూడదు.

6. తేనె పెట్టెలు ఉన్నవారు

మన తొర్ర తేనెటీగలు కందిరీగను గుంపుగా చుట్టుముట్టి, ఒంటివేడితో ఉడికించి చంపగలవు. పెట్టెలో పెంచే ఇటాలియన్ ఈగలకు ఈ విద్య అంతగా అబ్బలేదు, నష్టం వాటికే ఎక్కువ. పెట్టె ద్వారం ఎత్తును ఆరు మిల్లీమీటర్ల దగ్గరికి తగ్గిస్తే తేనెటీగ దూరుతుంది, కందిరీగ దూరలేదు. బలహీనమైన పెట్టెలను బలమైనవాటితో కలపండి. ద్వారం దగ్గర కాపు కాస్తున్న కందిరీగలను ఉదయం, సాయంత్రం బ్యాడ్మింటన్ బ్యాటు లాంటి దానితో కొట్టేవారున్నారు. గూడు దూరంగా ఉండి, వచ్చేవి ఒకటీ అరా అయినప్పుడు మాత్రమే అది పనికొస్తుంది, అప్పుడైనా కందిరీగలకు తగిన మందపాటి దుస్తులు వేసుకోవాలి.

బెల్లంనీళ్ళు పులియబెట్టి సీసాల్లో పెట్టే బోనుల మీద నాకు నమ్మకం లేదు. తేనెటీగలూ సీతాకోకచిలుకలూ అందులో పడతాయి, గూటిలో రాణి మాత్రం క్షేమంగా ఉంటుంది. విషం కలిపిన మాంసం ఎర అసలు పెట్టకండి, దాన్ని కుక్కలూ కాకులూ తింటాయి.

7. కుట్టినప్పుడు

చేతులు ఊపకుండా తల, మెడ కప్పుకుని, గూటికి దూరంగా పరుగెత్తండి. ఇల్లో, కారో దొరికితే దూరి తలుపు వేసుకోండి. అవేవీ లేకపోతే కనీసం వంద మీటర్లు ఆగకుండా వెళ్ళాలి. ఒళ్ళుమీద వాలినదాన్ని అక్కడే నలిపితే దాని వాసనకు మిగతావి ఎగబడతాయి. తేనెటీగ ముల్లు వదిలి చచ్చిపోతుంది, కందిరీగ వదలదు. ఒకటే ఎన్నిసార్లయినా కుట్టగలదు, కాబట్టి ముల్లుకోసం వెదుకుతూ కూర్చోకండి.

చేతికి కుట్టితే మొదట ఉంగరాలు, గాజులు తీయండి. వాచాక అవి రావు. తర్వాత సబ్బుతో కడిగి, గుడ్డలో చుట్టిన ఐసు పెట్టండి. సున్నం పూయడం, ఇనుప ముక్కతో రుద్దడం, కిరోసిన్ రాయడం, బ్లేడుతో గాటు పెట్టడం వల్ల మేలు లేదు, పైగా పుండు పడుతుంది.

కుట్టిన చోటికి దూరంగా దద్దుర్లు లేవడం, పెదవులు, నాలుక వాచడం, గొంతు పట్టేయడం, పిల్లికూతలు, వాంతులు, కళ్ళు తిరగడం: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వెంటనే 108కి ఫోను చేయండి. మనిషిని పడుకోబెట్టి కాళ్ళు ఎత్తుగా పెట్టండి, లేచి నడవనీయకండి. ఆయాసంగా ఉంటే మాత్రం ఆనుకుని కూర్చోనివ్వండి. ఈ స్థితిలో ప్రాణం నిలబెట్టే మందు అడ్రినలిన్ ఇంజెక్షన్, అలర్జీ మాత్ర దానికి బదులు కాదు. తిరుపతిలో రుయా, స్విమ్స్, చిత్తూరులో ప్రభుత్వ ఆసుపత్రి ఉన్నాయి. దారిలో అంతకంటే దగ్గర ఆసుపత్రి ఉంటే ముందు అక్కడే ఆగాలి.

పదికి మించి కాట్లు పడినవారు, పిల్లలు, గర్భిణులు, గుండె జబ్బున్నవారు బాగానే ఉన్నట్లు కనిపించినా ఆసుపత్రిలో చూపించుకోవాలి. ఎక్కువ కాట్ల విషం కండరాలను, మూత్రపిండాలను దెబ్బతీయవచ్చు. అది తర్వాతి ఒకటి రెండు రోజుల్లో బయటపడుతుంది. మూత్రం తగ్గినా, టీ డికాక్షన్ రంగులోకి మారినా మళ్ళీ వెంటనే వెళ్ళాలి.

తరచుగా జరిగే పొరపాట్లు

*నిప్పు పెట్టడం.* కాలిన గూటిలోంచి తప్పించుకున్నవి, మేతకు వెళ్ళి తిరిగొచ్చినవి కనిపించినవారినల్లా కుడతాయి. చెరకు ఆకు, బోదకప్పు, ఎండుగడ్డి ఉన్నచోట పక్క పొలం కూడా అంటుకుంటుంది.

*కన్నాన్ని సిమెంటుతో మూయడం.* గోడలోని గూటికి బయటి దారి మూస్తే అవి లోపలికి దారి చేసుకుంటాయి. స్విచ్ బోర్డు సందులోంచో సీలింగులోంచో పడకగదిలోకి వస్తాయి. గూడు పూర్తిగా చచ్చిందని తేలాకే మూయాలి.

*నేల బొరియలో పెట్రోలు పోయడం.* నిప్పంటించకపోయినా ఆ ఆవిరి ప్రమాదమే, మట్టీ బావీ పాడవుతాయి.

*దోమల స్ప్రే కొట్టడం.* దాంతో నాలుగు చస్తాయి, నలభై రేగుతాయి.

8. ఫలితాన్ని సరిచూసుకోండి

తీసిన మర్నాడు మధ్యాహ్నం, అదే పది మీటర్ల దూరం నుంచి పావుగంట చూడండి. రాత్రి బయట ఉండిపోయిన కొన్ని కందిరీగలు గూడున్న చోట రెండు మూడు రోజులు తిరుగుతాయి, దాన్ని వైఫల్యమనుకోనక్కరలేదు. ఐదో రోజుకు కూడా లోపలికి వెళ్ళి బయటికి రావడం కనిపిస్తే, లేదా నిమిషపు లెక్క రోజురోజుకూ పెరుగుతుంటే రాణి చావలేదన్నమాట. డబ్బు పూర్తిగా చెల్లించేముందు ఈ తనిఖీ చేసుకుంటామని మొదటే చెప్పి ఉంచండి.

పడిపోయిన గూటిని విడదీసి చూడాలనిపించినా వద్దు. తెల్లటి మూతలున్న గదుల్లోంచి కొత్త కందిరీగలు ఇంకా బయటికి రావచ్చు, మందు అంటిన పిల్లపురుగులను కోళ్ళు తినవచ్చు. మందపాటి సంచిలో మూతికట్టి లోతుగా పాతిపెట్టించండి. ఒకే ఏడాదిలో చుట్టుపక్కల రెండో గూడు ఉండవచ్చు కాబట్టి, పురుగులు ఎగిరే దారిని గమనిస్తూ వారానికొకసారి తోట చుట్టూ చూసి రండి. గూడు చచ్చిందని తేలాక గోడ కన్నాలను, ట్యాంకు కింది సందులను సన్నజాలీతో మూయించండి.

పైన చెప్పిన గుర్తుల్లో దేనికీ సరిపోని పెద్ద కందిరీగ చచ్చి దొరికితే, పట్టకారుతో గాజుసీసాలో వేసి, దొరికిన తేదీ, ఊరు, చోటు కాగితంపై రాసి, సీసాతోపాటు తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వ్యవసాయ కళాశాల కీటక శాస్త్ర విభాగానికి గానీ మీ రైతు సేవా కేంద్రం ద్వారా వ్యవసాయ అధికారికి గానీ అందించండి. ఒకరోజు ఆలస్యమయ్యేటట్లుంటే సీసాను ఫ్రీజర్‌లో ఉంచండి, మూతమీద ఏముందో పెద్ద అక్షరాలతో రాసిపెట్టండి.